జెల్ లేకుండా ఎంతకిస్తావు?

ఆ రోజుల్లో మా బజారులో నాకంటే గట్టిగా బేరమాడే మనిషి లేదు. ఇంట్లోనే ముఖచర్మం బిగించుకునే రేడియోఫ్రీక్వెన్సీ మిషన్ కొని, దాంతోపాటు రావలసిన జెల్‌ను బేరంలోంచి తీసేయించి నాలుగు వందలు మిగిల్చిన ఘనత నాదే.

కొత్తచెరువులో మాది స్టీలు సామాన్ల అంగడి. ఆ ఏడు కామెర్లు వచ్చి తగ్గాక అమ్మ బాగా చిక్కిపోయి, బుగ్గలు జారిపోయాయి. చూసినవాళ్ళంతా అయ్యో, ఇట్లయిపోయినావేమక్కా అంటుంటే తట్టుకోలేక అంగడికి రావడమే మానేసింది. గల్లా దగ్గర ఆమె బదులు నాయన కూర్చుంటే గిన్నెలు అడిగిన ధరకే వెళ్ళిపోయేవి (ఎవరైనా కాస్త నిట్టూరిస్తే చాలు, ఆయన మూత ఊరికే ఇచ్చేవాడు). ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే అంగడి మూసుకోవలసిందే. అందుకే అమ్మను మళ్ళీ నలుగురిలోకి తేవాలని అనంతపురం వెళ్ళి ఆ మిషన్ బేరం చేశాను. జెల్ రాయకుండా పెడితే చర్మం కాలుతుందని అమ్మేవాడు నెమ్మదిగా రెండుసార్లు చెప్పాడు. నేను లోపల నవ్వుకున్నాను. కుక్కర్ కొన్నవాళ్ళకు ‘వేరే రబ్బరు వేస్తే పేలిపోతాదక్కా’ అని చెప్పి మా రబ్బరే అంటగట్టే ఇంట్లో పుట్టినదాన్ని. నిజం చెబుతున్న వ్యాపారిని గుర్తుపట్టే చదువు మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం అమ్మ బుగ్గకు జెల్ బదులు శెనక్కాయ నూనె రాసి మిషన్ ఆనించాను. కాసేపటికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“కాలుతాందామ్మా?” అన్నాను.

“కాలనీలే పాపా. దుడ్లు పెట్టినాం కదా.”

(పెట్టిన డబ్బుకు వేడైనా వస్తోందని ఆమె తృప్తి.) మిషన్ తీసేసరికి బుగ్గ పొక్కిపోయింది.

మరునాడు డాక్టరు దగ్గర నుంచి వస్తుంటే ఆటోకు చిల్లర చాలలేదు. నెలల తర్వాత అమ్మ అంగడి మెట్లెక్కింది, గల్లాలోంచి చిల్లర తీసుకోవడానికి. లోపల నాయనతో కుక్కర్ బేరమాడుతున్న పాత ఖాతాదారు ఆమె మొహం చూసి ఆగిపోయింది.

“ఏమక్కా, బుగ్గకు ఏమాయ?”

నేను తల దించుకున్నాను. అమ్మే జవాబిచ్చింది.

“మా పాప నాలుగు వందలు మిగిలించిందిలేమ్మా. ఇది రశీదు.”

ఖాతాదారు నవ్వింది. అమ్మ కూడా నవ్వబోయి, నొప్పికి బుగ్గ పట్టుకుంది. తర్వాత నాయన వైపు తిరిగి, నువ్వు లెయ్ అని, ఆయన స్థానంలో కూర్చుంది. ఆ కుక్కర్ పూర్తి ధరకే పోయింది.

ఇప్పుడు నిజాయితీగా లెక్క చూసుకుంటే: మిషన్‌కు ఐదున్నర వేలు. జెల్‌లో మిగిలింది నాలుగు వందలు. డాక్టరుకు, మందులకు పోయింది తొమ్మిది వందలు. చర్మం ఏమాత్రం బిగియలేదు. అమ్మ గల్లాకు తిరిగి రావడాన్ని మిషన్ లాభం కింద వేసుకోవాలని నాకు ఎంత ఆశ ఉన్నా, అది ఆమె సొంత సంపాదన. నా ఖాతాలో ఉన్నదల్లా ఆమె బుగ్గ మీద రూపాయి బిళ్ళంత మచ్చ.