ఆవులకో పద్దు

అమెరికాలో మేముండే రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నిటి డబ్బూ నా చేతిలోనే ఉంటుందని మా తెలుగు చర్చిలో అందరి నమ్మకం. డబ్బు ఉండేది శాసనసభ చేతిలో. అది రానప్పుడు ఎందుకు రాలేదో ఊరంతా తిరిగి చెప్పడం నా ఉద్యోగం. దానికి బడ్జెట్ డైరెక్టర్ అని మంచి పేరు కూడా పెట్టారు.

ఆ ఏడాది శాసనసభ మా గ్రాంటును గట్టిగానే కోసింది. మా పెద్దాయన, అంటే చాన్సలర్, అందరినీ కూర్చోబెట్టి, "దీన్ని మనం ఒక అవకాశంగా చూడాలి" అన్నాడు. ఇక్కడ పెద్దవాళ్లు అవకాశం అన్నారంటే ఎవరిదో ఉద్యోగం పోతుందని అర్థం. నేను కాఫీ తెచ్చుకోవడానికి లేచాను.

నానా లెక్కలూ వేశాక రెండు దారులు మిగిలాయి. ఒకటి, ఉత్తరాన ఉన్న చిన్న క్యాంపస్‌లో డెయిరీని మూసేయడం. వ్యవసాయ విద్యార్థులకు పాడి నేర్పడానికి ఎప్పుడో పెట్టారు. ఇప్పుడు ఆ క్లాసులో పిల్లల కంటే ఆవులే ఎక్కువ. రెండోది, విదేశీ విద్యార్థుల ఫీజు పెంచడం. చాన్సలర్‌కి రెండోదే నచ్చింది.

"వాళ్లు ఎవరికీ ఫోన్ చేసి ఫిర్యాదు చేయరు" అన్నాడు. మనిషి నిజాయితీపరుడు.

"ఆవులూ చేయవు" అన్నాను.

సరే, వెళ్లి చూసి రమ్మన్నాడు. మంచులో కారు నడుపుకుంటూ వెళ్లాను. డెయిరీ నడిపే ఆవిడ నన్ను కొట్టంలోకి తీసుకెళ్లి, ఒక్కొక్క ఆవునూ పేరు పెట్టి పరిచయం చేసింది. మూసేస్తామని చెప్పడానికి నోరు తెరిచేలోపే ఒక ఆవు నా ఉన్ని కోటు మీద ఘనంగా తుమ్మింది. ఆవిడ నవ్వు ఆపుకోలేదు, నాకూ ఆగలేదు. ఆ నవ్వుల్లోనే విషయం చెప్పేశాను. ఆవిడ గోడ వైపు తిరిగి చాలాసేపు పైపుతో నేల కడిగింది. కడిగిన చోటే మళ్లీ కడిగింది. తిరుగుదారి పొడుగునా రేడియో పెట్టబుద్ధి కాలేదు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే మా ఆయన ముక్కు మూసుకుని, "మీటింగ్ ఎవరితో?" అన్నాడు.

ఆవులు ఫోన్ చేస్తాయని నాకు తర్వాతి వారం తెలిసింది. వాటి తరఫున ఒక రాష్ట్ర సెనేటర్ చేశాడు. ఆ క్యాంపస్ ఆయన నియోజకవర్గంలోది. చిన్నప్పుడు ఆ కొట్టంలోనే పాలు పితకడం నేర్చుకున్నాడట. అంతవరకూ బాగానే ఉంది. మా గ్రాంటు కోయాలని సభలో అందరికంటే గట్టిగా అరిచింది కూడా ఈయనే. ఫోన్‌లో కేకలేశాక తృప్తి చాలక నన్ను సభ బడ్జెట్ కమిటీ ముందుకు పిలిపించాడు.

దానికి ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక ప్లేట్లలో పులిహోర వడ్డిస్తుంటే ఒక అమ్మాయి నా పక్కకు వచ్చింది. ఒంగోలు నుంచి వచ్చి మా యూనివర్సిటీలోనే మాస్టర్స్ చేస్తోంది.

"ఆంటీ, ఫీజు ఇంక్రీజ్ చేస్తున్నారంట కదా. డిసైడ్ చేసేది మీరేనా?"

"నేను కాదమ్మా, యూనివర్సిటీల బోర్డు."

"బోర్డుకి చెప్పేది?"

పులిహోర గరిటె చేతిలో పట్టుకుని అబద్ధం ఆడలేకపోయాను. "నేనే" అన్నాను.

"ఇంకొంచెం పెంచితే నేను నెక్స్ట్ సెమ్ రిజిస్టర్ చేయలేను ఆంటీ. వీసా స్టేటస్ పోతుంది" అంది. ఏడవలేదు. ఇంకో అప్పడం తీసుకుని వెళ్లింది.

కమిటీ గదిలో సెనేటర్ ఎత్తైన బల్ల వెనుక కూర్చున్నాడు. నేను కింద మైకు ముందు.

"డైరెక్టర్ గారూ, మీకు పాలు ఎక్కడినుంచి వస్తాయో తెలుసా?" అన్నాడు.

"తెలుసు సెనేటర్. ఈమధ్యే కొట్టంలో నిలబడి వచ్చాను. కోటు ఇంకా డ్రైక్లీనింగ్‌లోనే ఉంది."

వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "విదేశీ విద్యార్థుల దగ్గర బోలెడు డబ్బుంటుంది. వాళ్ల దగ్గర తీసుకోండి. ఆవుల జోలికి రావద్దు" అన్నాడు.

మైకును దగ్గరకు లాక్కున్నాను. "ఆ పిల్లలు ఒక్కో గదిలో నలుగురేసి ఉంటున్నారు సెనేటర్. మీరు కోసిన డబ్బుకే నేను చోటు వెతుకుతున్నాను. ఆవులు ఉండాలని మీకుంటే, వాటికి విడిగా ఒక పద్దు మీరే రాయించండి" అన్నాను.

వెనుక వరసలో మా చాన్సలర్ బూట్ల వంక చూసుకుంటున్నాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. లిఫ్ట్ దిగేలోపు మా ఆయనకు మెసేజ్ కూడా పెట్టాను. "పోతే పోనీ, వచ్చేటప్పుడు పెరుగు తీసుకురా" అని జవాబిచ్చాడు.

ఉద్యోగం పోలేదు. సెనేటర్ నిజంగానే పద్దు రాయించాడు. ఆవుల మేతకూ కొట్టం కొత్త కప్పుకూ రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా డబ్బు పడింది. మిగతా కోత మాత్రం అలాగే ఉండిపోయింది. డెయిరీలో జీతాలు మా నెత్తినే ఉన్నాయి, మూస్తే మిగులుతుందనుకున్నది ఇక మిగలదు. బోర్డు ఫీజులు పెంచింది. నేను పోట్లాడి విదేశీ పిల్లల పెంపును సగానికి తగ్గించగలిగాను. అంతకంటే కుదరలేదు.

ఆ మాట ఆ అమ్మాయి చర్చిలో పాస్టర్ గారి నోట వినడం ఇష్టంలేక నేనే ఫోన్ చేశాను. మొత్తం విని, "ఆవులకు సెనేటర్ ఉన్నాడు ఆంటీ. మాకు ఎవరున్నారు?" అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆఫీసు రూల్స్ పుస్తకం తీశాను. విదేశీ విద్యార్థులు సెమిస్టర్ మొదలవకముందే ఫీజంతా ఒకేసారి కట్టాలన్న రూలు మా ఆఫీసు పెట్టినదే. దాన్ని మార్చడానికి సెనేటర్ అక్కర్లేదు. సోమవారం మా లాయర్‌ని బతిమాలి, అకౌంట్స్ వాళ్లతో వాదించి, వాయిదాల్లో కట్టుకోవచ్చని మార్పించాను. వడ్డీ లేకుండా. చాన్సలర్ చదివాడో లేదో తెలియదు, సంతకం మాత్రం పెట్టాడు.

మొదటి వాయిదా రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, పేమెంట్ పేజీ ఓపెన్ అవట్లేదు. హెల్ప్‌డెస్క్‌లో ఎవరూ లిఫ్ట్ చేయట్లేదు."

ఎలా లిఫ్ట్ చేస్తారు? పొదుపు కింద అక్కడ ఖాళీ అయిన ఉద్యోగాలు నింపొద్దని మేమే ఆర్డర్ ఇచ్చాం. "చెక్కు రాసుకుని మా ఆఫీస్‌కి వచ్చెయ్యమ్మా" అన్నాను. మంచులో బస్సు దిగి, ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చింది. కౌంటర్‌లో మనిషి లేడు, ఆ ఉద్యోగమూ ఖాళీయే. నేనే లోపలికి వెళ్లి కూర్చుని, చెక్కు తీసుకుని రసీదు రాసిచ్చాను. ఆమె వెనుక అప్పటికే ఇంకో ముగ్గురు చెక్కులు పట్టుకుని నిలబడ్డారు.