అక్క ఊపిరి లెక్క

ఒంట్లో ఏ జబ్బూ లేనప్పుడు మా అక్క మూలిగినంత ఘనంగా ఇంకెవరూ మూలగలేరు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఆస్పత్రి వార్డుల్లో జుట్టు నెరిసేదాకా నర్సుగా పనిచేసినదాన్ని. నిజం మూలుగేదో దొంగ మూలుగేదో ఆమడ దూరం నుంచి చెప్పగలను. అక్కది దొంగ మూలుగని తెలిసి కూడా నా కాళ్లు ఒక్కోసారి అటు పరిగెత్తేవి. వెళ్లి చూస్తే దుప్పటి కింద నవ్వు ఆపుకోలేక కదిలిపోతూ ఉండేది. నాకు ఒళ్లు మండిపోయేది.

రిటైరయ్యాక మా మేడమీద గదిలో నర్సు ఉద్యోగాల పరీక్షలకి అమ్మాయిలను తయారుచేయడం మొదలుపెట్టాను. రాత పరీక్షకి పుస్తకాలున్నాయి. చేసి చూపించే పరీక్షకి మాత్రం మంచం మీద ఓ మనిషి ఉండాలి. మొదట్లో ఒక ప్లాస్టిక్ బొమ్మను తెచ్చాను. రోగిని పక్కకి ఎలా తిప్పాలో చూపిస్తుంటే దాని చెయ్యి ఊడి ఒక అమ్మాయి చేతిలోకొచ్చింది. ఆ పిల్ల కెవ్వుమని అరిచి చేతిని మంచం కిందికి విసిరేసింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న అక్క, "జరగండే, నేను పడుకుంటా. నా చెయ్యి అంత తేలిగ్గా ఊడదు" అంటూ మంచమెక్కింది.

అంతకుముందు అక్క రెడీమేడ్ బట్టలు కుట్టే చోట చొక్కాలకి కాలర్లు వేసేది. బావ పోయి, చూపు మందగించి, సూదిలో దారం ఎక్కించడానికి కూడా పక్కవాళ్లను పిలవాల్సి వచ్చాక నా దగ్గరికి వచ్చేసింది. ఊరికే కూర్చుని తినడం ఆమెకి చేతకాదు. వచ్చిన కొత్తలో నా కిటికీ పరదాలన్నీ విప్పి మళ్లీ కుట్టింది, బాగున్నవాటిని కూడా. పేషెంటు కొలువు దొరికాక గానీ నా ఇంటి గుడ్డలకి ప్రశాంతత లేదు.

ఆ కొలువు మాత్రం ఆమె ఏలింది. దుప్పటి మార్చేటప్పుడు తనను బియ్యం బస్తాలా దొర్లించిన పిల్లకి చేతిమీద ఒక్కటి పడేది. చల్లటి చేతులతో తాకితే "నేనింకా పోలేదే తల్లీ" అనేది. చెప్పకుండా చెయ్యి పట్టుకుంటే విదిలించి కొట్టేది. ఏం చేయబోతున్నామో ముందు రోగికి చెప్పాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి అని నేను గొంతు చించుకుని చెప్పే పాఠం, అక్క ఒక్క విదిలింపుతో జన్మలో మరిచిపోకుండా ఎక్కించేది.

ఆ పాఠానికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు రోగికి చెప్పకూడదు. చెబితే చాలు, ఊపిరి తన దారి తప్పుతుంది. కావాలంటే మీరే ప్రయత్నించి చూడండి, ఎవరో గమనిస్తున్నారంటే మామూలుగా ఊపిరి పీల్చడం ఎంత కష్టమో తెలుస్తుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి. నాడి లెక్క అయిపోయాక కూడా వేళ్లు తీయకూడదు. చూపు మాత్రం మెల్లగా ఛాతీ మీదికి జార్చి, ఎగసిపడడం లెక్కపెట్టుకోవాలి.

అక్క దీన్ని తన మీద జరుగుతున్న కుట్రగా తీసుకుంది. చూపు జారిందని కనిపెట్టిందంటే ఇక ఆ పిల్ల పని అయిపోయినట్టే. రైలింజనులా రొప్పేది, లేదా బిగబట్టి కళ్లు తేలేసేది. పాపం ఆ అమ్మాయి ఏదో ఒక అంకె చెప్పి నాతో చీవాట్లు తినేది. "నా ఊపిరి దొంగిలించే మొనగత్తె ఇంకా పుట్టలేదే" అని అక్క కాలు మీద కాలేసుకునేది. ఆ పోటీ వల్లే మా అమ్మాయిలకి చూపు జార్చడం అంత నేర్పుగా వచ్చేదని నాకు తెలుసు. అక్కకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఇక ఇంట్లో నిలవనివ్వదు.

మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష ఉందనగా, పొద్దుటి క్లాసుకి ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. వాళ్లలో పొడుగుపిల్ల అని మేం పిలిచే అమ్మాయికి వయసు దాటిపోతోంది, ఇదే చివరి అవకాశం. నేను చిరచిరలాడుతున్నాను. పరీక్ష ముందురోజు నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

అక్క పైకి రావడమే ఆలస్యంగా వచ్చింది. మెట్ల మధ్యలో ఆగి, గోడ పట్టుకుని, "ఈ మెట్లెవరో పొద్దున్నే పెంచారే" అంది. పిల్లలు నవ్వారు. మంచమెక్కమంటే ఎక్కి, దిండ్లు రెండూ వెనక్కి పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"పడుకో అక్కా. ఇవాళ దుప్పటి మార్చే పాఠం."

"కూర్చోబెట్టే పాఠం చెప్పు."

"అది నిన్న చెప్పాను. మొన్నా చెప్పాను. నువ్వడిగావనే చెప్పాను."

"మళ్లీ చెప్పు. వీళ్లకి ఒకసారి చెబితే ఎక్కుతుందా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ, సరే, ముందు నాడీ ఊపిరీ చూడమని పొడుగుపిల్లను పంపాను. ఆ పిల్ల చేతులు రుద్దుకుని వేడి చేసుకుంది, "నాడి చూస్తాను పెద్దమ్మా" అని చెప్పి మణికట్టు పట్టుకుంది. నేను గడియారం వైపు తిరిగాను. మామూలుగా ఆ సమయంలో అక్క నోరు ఊరుకోదు, ఏదో ఒక రోగం పేరు చెప్పి మూలుగుతూనే ఉంటుంది. ఆ రోజు మూలుగు లేదు.

"ఊపిరి ముప్పై నాలుగు మేడమ్" అంది పొడుగుపిల్ల.

మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు. పెద్దవాళ్లకి నిమిషానికి ఉండాల్సినదానికి అది దాదాపు రెట్టింపు. అక్క కూడా నవ్వింది. "బోల్తా కొట్టించా" అంది. నవ్వు సగంలోనే దగ్గులోకి దిగింది.

పొడుగుపిల్ల నవ్వలేదు. వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. "పెద్దమ్మ నన్ను చూడలేదు మేడమ్. కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. నాడి కూడా ఒక తీరుగా లేదు."

"అక్కా, నిజం చెప్పు. ఆయాసంగా ఉందా?"

"ఏం లేదు. బాగానే ఉన్నా."

ఎన్నేళ్లుగానో ఆ మంచం మీద పడుకుంటోంది. కలరా దగ్గర్నుంచి కాలు విరగడం దాకా అన్ని జబ్బులూ వచ్చాయి. బాగానే ఉన్నానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

అయినా నమ్మకం కుదరలేదు. నాటకమైతే నన్ను జన్మంతా ఆటపట్టిస్తుంది. కాకపోతే ఒక్కో క్షణమూ ఆమెకి నష్టమే. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే లాభం లేదు, నా కళ్లు ఎటు జారతాయో ఆమెకి నాకన్నా బాగా తెలుసు. కావాలని నెమ్మదిగా పీల్చి నన్ను మోసం చేయగలదు, ఆ మోసానికి ఉన్న కాస్త ఊపిరీ ఖర్చుపెడుతుంది.

అప్పుడు ఆమె తిట్లు గుర్తొచ్చాయి. అక్క ఒకరిని తిట్టడం మొదలుపెడితే మధ్యలో కామా పెట్టదు. పుట్టుక దగ్గర మొదలుపెట్టి పెళ్లి దాకా ఒకే ఊపులో లాగించేస్తుంది.

"అక్కా, ఈ పొడుగుది రేపు పరీక్షకి వెళ్లనంటోంది. భయమట. నువ్వే బుద్ధి చెప్పు" అన్నాను. పొడుగుపిల్ల నోరు తెరిచింది. నేను కళ్లతోనే మూయించాను.

అక్క కళ్లు పెద్దవయ్యాయి. "ఏమే" అంది. ఆగింది. "ఇన్నాళ్లూ నా" అంది. మళ్లీ ఆగింది. భుజాలు పైకి లేచాయి, మెడలో నరాలు బిగిశాయి. "ఒళ్లు... హూనం..." ఆ తర్వాత మాట రాలేదు. తిట్టు పూర్తిచేయలేక నా వైపు చూసింది. పట్టుబడిపోయానని ఆమెకి తెలిసిపోయింది. ఆ చూపు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి అది సమయం కాదు.

కాళ్ల మీది చీర పైకి జరిపాను. చీలమండలు నున్నగా ఉబ్బి ఉన్నాయి. బొటనవేలితో నొక్కి తీస్తే పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఈ మధ్య రోజూ రాత్రి కుర్చీలో ఎందుకు పడుకుంటోందో, మంచంలో నల్లులున్నాయన్న సాకు ఎందుకు చెప్పిందో, అంతా ఆ గుంటలో కనబడింది. వెల్లకిలా పడుకుంటే ఆమెకి ఊపిరాడడం లేదు.

"కాళ్లు కిందికి దింపండి" అన్నాను. నా గొంతు నాకే వార్డులో గొంతులా వినిపించింది. "ఎదురుగా బల్ల పెట్టి దానిమీద దిండు వేయండి. చేతులు దానికి ఆనించి ముందుకి వంగనివ్వండి. జాకెట్టు హుక్కులు తీయండి. నువ్వు కిటికీలు తెరిచి అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. పొడుగూ, నువ్వు ఆమెను వదలకు. ఊపిరందని మనిషిని ఒంటరిగా వదలకూడదు."

నిన్నటిదాకా ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకున్న పిల్లలు, మారు మాట్లాడకుండా కదిలారు.

"రేపు... పిల్లల పరీక్ష" అంది అక్క, దిండులో ముఖం పెట్టి. "అది... అయ్యాక... వస్తా."

"నోర్మూసుకో."

"ఇక్కడైతే... సాయంత్రం లేచి... టీ పెట్టుకుంటా. అక్కడ... పడుకుంటే..."

ఆ మాట పూర్తిచేయలేదు. బావ నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్లాడు. ఇంటికి నడుచుకుంటూ రాలేదు. అందుకే దాచిందన్నమాట. నిజం పేషెంటు కావడమంటే అంత భయం ఉన్న మనిషి, ఇన్నేళ్లూ నా కోసం ఆ వేషం వేసింది. నాకు కోపం వచ్చింది, ఆమె మీదో నా మీదో తెలియని కోపం.

అంబులెన్సు వచ్చింది. మెట్ల మలుపులో స్ట్రెచర్ తిరగదు. పైకొచ్చిన అతను అక్కను ఒక్కసారి చూసి, "పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే దింపుదాం. గట్టి కుర్చీ ఉందా?" అన్నాడు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటితో నడుము దగ్గర కట్టాం. అతను వెనక కుర్చీ వీపు పట్టుకున్నాడు, పొడుగుపిల్ల కింది మెట్టు మీద వెనక్కి నడుస్తూ కుర్చీ ముందు కాళ్లు పట్టుకుంది. నేను పక్కన గోడకి అతుక్కుని దిగాను. మలుపు దగ్గర కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. అక్క భయపడి మెట్ల పక్క కమ్మీ గట్టిగా పట్టేసుకుంది. ఇక కుర్చీ కదల్లేదు. పైకీ పోదు, కిందికీ రాదు.

"పెద్దమ్మా" అంది ఆ పిల్ల, "ఇప్పుడు మిమ్మల్ని ఒక మెట్టు దింపుతాం. కాస్త కుదుపొస్తుంది. నేను కింద ఉన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకోండి."

అక్క పెదవులు నీలంగా మారుతున్నాయి. ఆ అమ్మాయి ముఖంలోకి చూసి వేళ్లు ఒక్కొక్కటే వదిలింది. మెట్టు దిగాం. ఆ తర్వాతి మెట్లు ఎలా దిగామో నాకు తెలియదు.

ఎమర్జెన్సీ గదిలో నర్సు మంచం తలవైపు ఎత్తి, ఆక్సిజన్ మాస్కు పెట్టింది. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు. నీరు లాగే ఇంజక్షన్ ఇస్తున్నామన్నాడు. పనిచేస్తే కాసేపట్లోనే తెలుస్తుంది, లేకపోతే గొంతులో గొట్టం వేయాలి, ఈ వయసులో ఆ తర్వాత చెప్పలేం అన్నాడు. నేను తలూపాను. అలాంటి కబుర్లు ఎంతమంది ఇంటివాళ్లు వింటుంటే పక్కన నిలబడ్డానో లెక్కలేదు. ఇంటిదాన్నై వినడం అదే మొదలు.

డాక్టరు వెళ్లాక అక్క మాస్కు కాస్త పక్కకి లాగింది. "బతుకుతానా?" అంది.

భయపడుతున్న రోగి నాకు నయమవుతుందా అని అడిగితే నర్సు ఏమనాలి? ఏ పరీక్ష చూసినా ఏదో రూపంలో ఈ ప్రశ్న ఉంటుంది. కింద నాలుగు జవాబులిస్తారు. "ఏం కాదు, భయపడకండి" అన్నది ఎప్పుడూ వాటిలో ఒకటి, ఎప్పుడూ తప్పు. ఆ మాట అనడానికి మన దగ్గర ఆధారం ఉండదు. అది విన్న రోగి ఇంకేమీ అడగలేక ఊరుకుంటాడు, భయం అతనితోనే ఉండిపోతుంది. పక్కన కూర్చోవాలి, దేనికి భయమేస్తోందో చెప్పనివ్వాలి. ఆ తప్పు జవాబు పెట్టిన ప్రతి పిల్లనీ నిలబెట్టి కడిగేశాను. నేను కడుగుతుంటే అక్క మంచం మీద పడుకుని అంతా వింటూ ఉండేది.

"ఏం కాదక్కా" అన్నాను. "భయపడకు. ఏం కాదు."

అక్క నన్ను తేరిపార చూసింది. "తప్పు" అంది. ఊపిరి తీసుకుంది. "సున్నా... మార్కులు."

అవునని తలూపాను. కన్నీళ్లు ఆగలేదు, పక్క మంచాలవాళ్లు చూస్తున్నారని తెలిసినా ఆగలేదు.

అక్క చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా కొంగు పట్టుకుంది. "మళ్లీ చెప్పు" అంది.

మాస్కు సరిచేసి మళ్లీ చెప్పాను. ఆగితే కొంగు లాగేది, మళ్లీ చెప్పేదాన్ని. చాలాసేపటికి నర్సు వచ్చి, మూత్రం సంచీ నిండడం చూసి, ఛాతీ వైపు చూసి, "మందు పనిచేస్తోందండీ, ఆయాసం తగ్గుతోంది" అంది. అంతదాకా నేను ఆ తప్పు జవాబే చెబుతూ కూర్చున్నాను.