పేరు రాయని మడి

మిరపకాయ బజ్జీ నూనెలో పడ్డప్పుడు లేచే ఘాటుకు బళ్ళారిలో ఎవరూ దగ్గరు. దగ్గితే బయటి ఊరివాడని తెలిసిపోతుంది. పుట్టి పెరిగింది ఈ ఊరి బ్రూస్‌పేటలోనే అయినా మొన్న ఉదయం హోటల్లో నేను దగ్గాను. తప్పు ఘాటుది కాదు, గోడకున్న టీవీది. దేశం ఫుట్‌బాల్ జట్టుకు కొత్త ప్రధాన కోచ్‌ను వెతుకుతున్నారని అందులో వార్త వస్తోంది. ఢిల్లీలో కమిటీ వేసి, దరఖాస్తులు పిలిచి, నెలల తరబడి చేస్తున్న ఆ పనిని పక్క బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు ఒక ప్లేటు ఉగ్గాని అయ్యేలోగా ముగించేశారు.

"ఫారిన్ వాన్నే తెచ్చుకోవల్లప్పా. మనోల్లకు ఏం తెలుస్తాది?"

"ఇన్ని దినాలూ తెచ్చినారు గదా. ఏం పొడిసినాడు?"

"అయితే నువ్వే పో."

"మోకాలి నొప్పి ల్యాకుంటే పోతాంటి."

అదే బల్ల దగ్గర, అదే ఘాటులో, ఒకప్పుడు వన్నూరప్ప కూర్చునేవాడు. దేశం జట్టుకు కోచ్ మారిన ప్రతిసారీ ఊరంతా ‘ఎవరొస్తున్నారు’ అని అడిగితే ఆయన మాత్రం ‘ఏ నేలకంట?’ అని అడిగేవాడు. సిరుగుప్పలో కాలువ నీళ్ళ కింద కళకళలాడే విత్తనం హగరి మెట్టలో మొలకెత్తడానికే సిగ్గుపడుతుంది. అందుకని విత్తనం గొప్పదా కాదా అనేది ఆయన దృష్టిలో సగం ప్రశ్న మాత్రమే. మిగతా సగం కోసం ఎవరికీ ఓపిక ఉండేది కాదు. వాళ్ళ బజ్జీలు చల్లారిపోతుండేవి.

వన్నూరప్ప హగరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పొలం పనివాడు. పొద్దంతా జొన్న, పొద్దుతిరుగుడు ప్రయోగాల మళ్ళలో కలుపు తీసి, సాయంత్రం బస్సెక్కి బళ్ళారి వచ్చి జిల్లా ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చేవాడు. ఇరవై ఏళ్ళుగా ఇచ్చాడు. నియామక పత్రం లేదు, వద్దని చెప్పినవాడూ లేడు. నేను ఆ జట్టులో అదనపు గోల్‌కీపర్‌గా చేరి, నా వల్ల గోల్‌పోస్టుకు పెద్దగా లాభం లేదని అందరికీ తెలిశాక, స్కోరుపుస్తకం రాసే పనికి ఎదిగాను. ఎం.ఏ. పూర్తయినా ఉద్యోగం లేదు కనుక జిల్లా సంఘం ఉత్తరాలు కూడా నేనే రాసేవాణ్ణి.

ఒక ఆదివారం ఆయన నన్ను హగరికి తీసుకుపోయి మళ్ళు చూపించాడు. ప్రతి మడి ముందు ఒక కర్ర, కర్ర మీద ఒక అంకె. రకాల పేర్లన్నీ ఆఫీసులో సారు దగ్గరి పుస్తకంలో ఉంటాయి. కోసేవాడికీ, తూచేవాడికీ తెలిసేది అంకె ఒక్కటే.

"వీటిల్లో ఏది బాగుండాదన్నా?" అని అడిగాను.

"పద్నాలుగు."

"పద్నాలుగంటే ఏ రకం?"

"దాని కులగోత్రాలు నాకెందుకప్పా? పేరు తెలిసిందంటే కన్ను అబద్ధం చెప్తాది. మనం మంచోల్లమే, కన్ను మంచిది గాదు."

నేను నవ్వాను. అప్పట్లో నాకు అన్నీ నవ్వొచ్చేవి.

ఆ ఏడాది మా జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్ళి ఆడిన మూడు ఆటలూ ఓడిపోయింది. నాలుగోది లేకపోవడం వల్ల అక్కడితో ఆగింది. తిరిగి రాగానే సంఘం అధ్యక్షుడు గౌడరు సమావేశం పెట్టించారు. ఆయనకు సిరుగుప్పలో బియ్యం మిల్లు ఉంది. ఒకసారి ఏదో ప్రారంభోత్సవంలో బంతిని తన్నితే అది మైదానం వైపు కాకుండా అతిథుల వైపు వెళ్ళింది. ఫుట్‌బాల్‌తో ఆయనకున్న ప్రత్యక్ష పరిచయం అంతే. కొత్త కోచ్‌ను తీసుకోవాలని నిర్ణయించారు. వన్నూరప్ప కూడా దరఖాస్తు చేసుకోవచ్చని ఉదారంగా చెప్పారు.

చివరికి మిగిలింది ఇద్దరే. బెంగళూరు నుంచి వచ్చిన మంజునాథ్‌కు కోచింగ్ లైసెన్సు ఉంది, రంగురంగుల చీటీలు అంటించిన ఫైలు ఉంది. వన్నూరప్ప దరఖాస్తు నేను రాశాను. ‘అర్హతలు’ అన్న చోట ఏం రాయమంటావని అడిగితే కాసేపు ఆలోచించి, "రోజూ వస్తాండా అని రాయి" అన్నాడు. రాశాను. ఆ కాగితానికి చీటీలు అంటించే అవసరం కూడా రాలేదు, ఎందుకంటే అది అర పేజీ.

ఆ గ్రౌండు పోతే ఆయనకు సాయంత్రాలు ఉండవని మా అందరికీ తెలుసు. ఆయన భార్య లక్ష్మక్కకు ఇంకా బాగా తెలుసు. బజారులో కనిపించి, "ఎట్లన్నా చేసి ఆయప్పనే పెట్టించు రాఘూ. సాయంత్రం పూట ఇంట్లో కూకుంటే నా వంటను గూడ ప్రాక్టీసు చేయిస్తాడు" అంది. నవ్వుతూనే అంది కానీ, చేతిలో సంచీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి రెండుసార్లు మార్చింది.

సమావేశంలో గౌడరు, "లైసెన్సు ఇరోరిగే కొట్బిడోణప్పా, ఆయ్తు" అన్నారు. లైసెన్సున్నవాడికే ఇచ్చేద్దాం, ఇంతటితో సరి అని. అందరూ తలలూపుతుంటే వన్నూరప్ప లేచాడు.

"గౌడరే, ఒక మాట. కాగితం చూసి ఇత్తనం కొంటారా మీరు? మాకిద్దరికీ చెరి పద్నాలుగు మందినియ్యండి, జట్టులో ల్యానోల్లను. నలభై దినాలు నేర్పుతాం. బయటి ఊరి రెఫరీలు ముగ్గురొచ్చి ఆట చూసి చెప్పనీ. ఏ గుంపు ఎవరిదో వాళ్ళకు తెలీకూడదు. మేమిద్దరం జనాల్లో నోరు మూసుకోని కూకుంటాం."

మంజునాథ్ వెంటనే సరేనన్నాడు. ఫైలు మూసి పక్కన పెట్టి మరీ అన్నాడు. ఆ క్షణం నుంచి అతన్ని ద్వేషించడం నాకు కష్టమైపోయింది. కాని నేను ప్రయత్నం మానలేదు.

పిల్లలను పంచడానికి చీటీలు వేసే పని నాకు అప్పగించారు. బాగా ఆడే పద్నాలుగు మంది చీటీలను నాలుగు మడతలు పెట్టాను, మిగతావాటిని రెండే. గిన్నెలో చెయ్యి పెడితే వేళ్ళకు తెలిసిపోతుంది. వాళ్ళందరినీ వన్నూరప్ప వైపే తీశాను, ఒక్కరు మాత్రం పొరపాటున మంజునాథ్ వైపు పోయారు. అంత చదువుకు అప్పటివరకు నేను కనిపెట్టిన ఏకైక ఉపయోగం అదే.

మూడో రోజు పొద్దున్నే వన్నూరప్ప మా ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు.

"చీటీలు ఎట్ల మడిసినావు?"

"ఎట్ల మడుస్తారన్నా, చేత్తోనే."

"నగొద్దు. నా పద్నాలుగు మందిలో పదముగ్గురు ఎడమకాలితో గూడ తంతాండారు. బళ్ళారిలో అంత అదృష్టం యాడిదప్పా? ఆ సారు తట్టు పోయినోల్లు బంతి వస్తే పక్కకు జరిగి దోవ ఇస్తాండారు."

"నీ కోసమే చేసినా అన్నా."

"నా కోసం అయితే నన్ను అడుగుతాంటివి" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నేను ఏదో ఒక జోకు వేసి తప్పించుకునేవాణ్ణి. "ఒక మడిలో ఎరువు చల్లి ఇంకోదాంట్లో చల్లకుంటే దాన్ని పరీక్ష అనరు రాఘూ. పా, మళ్ళా ఏద్దాం."

ఆ సాయంత్రం గ్రౌండులో, మంజునాథ్ ముందర, అన్ని చీటీలూ ఒకేలా మడిచి, ఆకాశం వైపు చూస్తూ ఆయనే తీశాడు. ఎందుకు మళ్ళీ వేస్తున్నారని మంజునాథ్ అడిగితే, "మొదటిసారి గిన్నె సరిగ్గా కలపల్యా సార్, తప్పు మాదే" అన్నాడు. నా పేరు చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయాక నేను ఒక్క జోకూ వేయలేదు. ఆ సంగతి అమ్మ గమనించి జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది.

ఆట ఏప్రిల్ ఎండలో జరిగింది. రెండు గుంపులకూ పేర్లు లేవు, వీపుల మీద అంకెలు తప్ప. మొదటి సగంలో వన్నూరప్ప పిల్లలు ఒక గోల్ వేశారు. జనం మధ్యలో ఆయన నోరు మూసుకునే కూర్చున్నాడు. కాళ్ళు మాత్రం కింద బంతి తన్నుతూనే ఉన్నాయి. రెండో సగంలో ఆయన పిల్లలకు కాళ్ళు బరువెక్కాయి. అవతలి వాళ్ళు అప్పుడే నిద్రలేచినట్టు పరుగెత్తారు. రెండు గోల్స్ వేశారు. రెఫరీలు ముగ్గురూ విడివిడిగా రాసిచ్చిన కాగితాలు విప్పితే మూడింటిలోనూ మంజునాథ్ గుంపే ఉంది.

కారణం నాకు తర్వాత అర్థమైంది, ఆయనకు అక్కడికక్కడే అర్థమైంది. మెట్ట పైరుకు నీళ్ళెక్కువ పెడితే వేరు లోతుకు పోదని ఆయన నమ్మకం. ఇరవై ఏళ్ళుగా ప్రాక్టీసు మధ్యలో పిల్లలను నీళ్ళు తాగనిచ్చేవాడు కాదు. మంజునాథ్ పావుగంటకోసారి తాగించేవాడు. వన్నూరప్ప నేరుగా అతని దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, "పిల్లోల్లు పైరు గాదు సార్. ఇన్నేండ్లు ఎండబెట్టినా వాళ్ళను" అన్నాడు. మంజునాథ్ తన చేతిలోని నీళ్ళ సీసా ఆయనకిచ్చాడు. తాగాడు.

హగరి బస్సు కోసం నిలబడి ఉంటే నేను ఉండబట్టలేక అన్నాను: "ఆ చీటీల పొద్దు గమ్మునుండింటే నువ్వే కోచ్ అయ్యుంటివి గదన్నా."

"అయ్యుంటి" అన్నాడు. "అయితే రేపు పిల్లోల్లు యాడన్నా గెల్సినారనుకో, నేను నేర్పింది గెల్సిందా, నువ్వు మడిసింది గెల్సిందా? సచ్చేదాంకా అదే లెక్క ఏసుకుంటా కూకోవల్ల. ఇప్పుడు తెలిసిపాయ గదా. బాధైతాండాది. కానీ తెలిసిపాయ."

బస్సొచ్చింది. ఎక్కాడు. వారం తర్వాత మంజునాథ్ హగరికి వెళ్ళి ఆయన్ను పిలుచుకొచ్చాడు, వెనుక వరుస ఆటగాళ్ళను చూసుకోమని. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ వన్నూరప్ప ఆ పని చేశాడు, తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాణ్ణి సార్ అని పిలుస్తూ. ఆయన పోయి నాలుగేళ్ళయింది.

ఆ ఆట తర్వాత ఏడాదికి ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ పోస్టు పడింది. మా మేనమామకు అక్కడి యాజమాన్యంలో ఒకాయన తెలుసు. "ఒక మాట చెప్పమంటావా?" అని అడిగాడు మామ. ఒక రోజంతా ఆలోచించాను. ఆలోచించినంతసేపూ హగరి బస్సు కళ్ళ ముందే నిలబడి ఉంది. మరునాడు వెళ్ళి, చెప్పమన్నాను. నేను వన్నూరప్పను కాదు. ఇంటర్వ్యూలో నా పేరు అడిగారు, మామ కుశలం అడిగారు. అంతే.

ఇప్పుడు మా కాలేజీలో దేనికి ఎవరిని ఎంపిక చేయాలన్నా నేను దరఖాస్తుల మీద పేర్లు కనబడకుండా తెల్లకాగితం అంటించి అంకెలు వేస్తాను. తోటివాళ్ళు నవ్వుతారు. నవ్వనిస్తాను, హగరి మళ్ళ దగ్గర నేను నవ్విన నవ్వుకు అది బాకీ. నేను బాగానే పాఠం చెబుతానని కూడా అంటారు. ఏటా వీడ్కోలు సభలో ఎవరో ఒక పిల్లో పిల్లవాడో, మీ వల్లే సార్ అని కళ్ళు తుడుచుకుంటారు. సంతోషం అంటాను. ఇంటికి నడుస్తూ, అందులో నాదెంత, మా మామదెంత అని మొదలుపెడతాను. వన్నూరప్ప ఒక మధ్యాహ్నం ఎండలో ఓడిపోయి తేల్చుకున్న లెక్కను, పదిహేనేళ్ళుగా హాజరుపట్టీలో సంతకం పెడుతూ నేనింకా వేసుకుంటూనే ఉన్నాను.