కామేశ్వరరావు గారి డాక్టరేటు

కొత్తపేటలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో సంస్కృతం చెప్పే కామేశ్వరరావు గారికి గౌరవ డాక్టరేటు వచ్చిందన్న కబురు ఊరంతా పాకడానికి ఒక్క పూట పట్టింది. ఆయన చెప్పింది ఒక్కడికే, ఫ్లెక్సీలు వేసే పాపారావుకి. ఒకప్పుడు ఆయన దగ్గర శబ్దాలు వల్లించినవాడు పాపారావు. "ఎవరితోనూ అనకోయ్, ఇంకా పట్టా చేతికి రాలేదు" అని చెప్పినా అతని ప్రాణం ఆగలేదు. మర్నాడు తెల్లారేసరికి బస్టాండు ఎదురుగా పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది. అందులో మాస్టారి ఫొటో, ఆ ఫొటో నెత్తిన ఎక్కణ్నుంచో తెచ్చి అతికించిన నల్లటోపీ, కింద 'డాక్టర్ కామేశ్వరరావు గారికి శుభాకాంక్షలు' అని పెద్దక్షరాలు.

రావులపాలెం బస్సు దిగిన పిల్లలు దాన్ని చూసొచ్చి కాలేజీ వరండాలో వరసకట్టి నమస్కారాలు పెట్టారు. ఆయనకి సిగ్గేసింది. ఆ సిగ్గు బాగుంది కూడా.

దాని వెనక ముప్పయ్యేళ్ళ వెలితి ఉంది మరి. ఆయన తండ్రి వేదపండితుడు. మంత్రం చెప్పేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ బిగబట్టాలి అన్నది ఆ గొంతు విని నేర్చుకోవలసిందే. కామేశ్వరరావు గారు కుర్రతనంలో దాని మీదే పరిశోధన మొదలుపెట్టారు. రెండో ఏడు తండ్రి మంచాన పడ్డారు, ఈయన ఉద్యోగంలో చేరారు, రాసిన కాగితాలు ట్రంకుపెట్టెలోకి వెళ్ళాయి. తల్లి అచ్చయమ్మ గారు మాత్రం ఇంటికెవరొచ్చినా "మావాడు డాక్టరు కావలసినవాడేనండీ, మా మూలాన ఆగిపోయింది" అని, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పేవారు.

వేసవి సెలవుల్లో ఆ మెయిలు వచ్చింది. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం. మీ బోధనా సేవ మా దృష్టికి వచ్చింది, గౌరవ డాక్టరేటుకి మిమ్మల్ని ఎంపిక చేశాం, మీ పరిశోధన మీద ఇరవై పేజీల వ్యాసం పంపండి అని. కాగితాలు పెట్టెలోంచి బయటికొచ్చాయి. ఆదివారాలన్నీ కూర్చుని ఒక్క వేలితో టైపు చేశారాయన. తర్వాత వీడియోలో ఇంటర్వ్యూ జరిగింది. కోట్లు వేసుకున్న ఇద్దరు రెండు నిమిషాలు కనిపించి, సిగ్నలు లేదంటూ కెమెరా కట్టేశారు. ఆ పైన రిజిస్ట్రేషనుకని పన్నెండు వేలు, గౌనుకీ పతకానికీ అని ఇరవై ఎనిమిది వేలు కట్టమన్నారు.

ఆయన భార్య శ్రీకళ పోస్టాఫీసులో గుమస్తా. మొదటిసారి డబ్బు పంపుతున్నప్పుడు పక్కనే ఉంది.

"ఏవండీ, యూనివర్సిటీ అంటున్నారు. డబ్బు ఎవరో మనిషి పేరున వెళ్తోందేమిటి?"

"ఇక్కడ వాళ్ళ ప్రతినిధిట."

ఆమె ఇంకేదో అనబోయింది. అప్పటికే ఆయన ముఖం వాడిపోయింది. ఎన్నేళ్ళకి ఈ మనిషి గడ్డం గీసుకుంటూ మళ్ళీ కూనిరాగం తీస్తున్నారు అనుకుని ఊరుకుంది.

హైదరాబాదులో పట్టాలిచ్చే సభకి ఇంకా పది రోజులుందనగా, ఓ శుక్రవారం మధ్యాహ్నం, ప్రశంసాపత్రం నమూనా ఫోనుకి వచ్చింది. అక్షరదోషాలుంటే చూడమన్నారు. ఆయన వరండాలో తల్లి పక్కన కూర్చుని చదివి వినిపించడం మొదలుపెట్టారు.

"గత పదిహేనేళ్ళుగా రొయ్యల్లో తెల్లమచ్చల వ్యాధి నివారణకు..."

ఆ పంక్తి ఆయన లోలోపల మళ్ళీ చదువుకున్నారు.

"ఆగావేం నాయనా?"

"ఎండ పడుతోందమ్మా, అక్షరాలు కనిపించడం లేదు" అని లోపలికెళ్ళి, రిజిస్ట్రారునని చెప్పుకునే ఆ మనిషికి ఫోను చేశారు.

"చిన్న పొరపాటు సార్. కరెక్షన్ ఛార్జీ ఏడు వేలు పంపండి, సాయంత్రానికి మార్చేస్తాం."

"అలాగేనండి. నా వ్యాసం మీరు చదివే ఉంటారు. అది దేని గురించండీ?"

"సంస్కృతం గురించే కదా సార్."

"సంస్కృతంలో దేని గురించి?"

అటువైపు గొంతు మారింది. "కమిటీ చూసింది సార్. మీరిలా లేటు చేస్తే మీ పేరు తీసేసి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం. గంట టైమిస్తున్నా."

కామేశ్వరరావు గారు ఫోను పెట్టేశారు. ఇంటర్వ్యూలో కెమెరా ఎందుకు కట్టేశారో, డబ్బు ఎవరో మనిషి పేరున ఎందుకు వెళ్ళిందో, ఇప్పుడీ గంట గడువు ఎందుకో అన్నీ ఒక్కసారే బోధపడ్డాయి. డబ్బు పోయినందుకు కాదు ఆయన కుంగిపోయింది. ఆ ఇరవై పేజీల్లో మొదటి పేజీ అయినా ఎవరూ తెరవలేదు.

చెప్పులేసుకుని తిన్నగా పోస్టాఫీసుకి నడిచారు. శ్రీకళ కౌంటరు కిటికీలోంచి ఆయన ముఖం చూసి, పక్కావిడకి పని అప్పగించి బయటికొచ్చింది.

"నువ్వన్నదే నిజమైంది, శ్రీకళా."

నేను చెప్పలేదా అని ఆమె అనలేదు. "రెండోసారి ఎప్పుడు పంపేరు?" అంది.

"నిన్న సాయంత్రం."

"అయితే ఇంకా ఆశ ఉందండీ. ముందు సైబరు మోసాల నంబరు 1930కి ఫోను చేద్దాం, తర్వాత బ్యాంకుకి వెళ్దాం. ఆ మనిషి ఎన్నిసార్లు చేసినా మీరు ఎత్తకండి. మెసేజీలు ఒక్కటీ చెరపకండి, అవే సాక్ష్యం."

మెట్ల మీద కూర్చునే ఫిర్యాదు చెప్పారు. ఖాతా నంబర్లు ఆమె చదువుతుంటే ఆయన ఫోనులో అప్పజెప్పారు. బ్యాంకు వాళ్ళు కాగితాలు రాయించుకుని, రెండో మొత్తం ఇంకా ఆ ఖాతాలోంచి పూర్తిగా దాటి ఉండకపోవచ్చన్నారు. వచ్చేదారిలో పాపారావు షాపు దగ్గర ఆగారు.

"పాపారావూ, ఆ ఫ్లెక్సీ దింపించెయ్యి. మోసపోయానోయ్."

పాపారావు గతుక్కుమన్నాడు. జరిగింది విని, "మీరేం బాధపడకండి మాస్టారూ. చీకటి పడ్డాక దింపేస్తానండి. ఎవరన్నా అడిగితే గాలికి చిరిగిపోయిందని చెప్తానండి" అన్నాడు.

"వద్దు. ఇప్పుడే దింపు. అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు. మనం దాచామంటే ఇంకొకరు పడతారు."

"ఆయ్" అన్నాడు పాపారావు, తల దించుకుని. నిచ్చెన తెచ్చి అతను పైకెక్కితే మాస్టారు కింద పట్టుకు నిలబడ్డారు. సోడాబండి దగ్గరున్న ఇద్దరు కారణం అడిగారు. ఆయనే చెప్పారు. మొదటిసారి చెప్పడానికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది. రెండోసారి అంత కష్టమనిపించలేదు.

ఇంట్లో చెప్పడమే కష్టమైంది. అచ్చయమ్మ గారు అంతా విని కొడుకు చెయ్యి పట్టుకున్నారు.

"పదిమంది దగ్గరా అని అని, ఆ పట్టా నీ మెడకి నేనే కట్టేనురా."

"లేదమ్మా. నాకూ ఆశగానే ఉంది."

"సరే, నువ్వు రాసిందేదో చదువు. రొయ్యలది కాదు, నీది."

ఆయన చదివారు. శ్రీకళ కాఫీ గ్లాసులు పక్కన పెట్టి గుమ్మంలో కూర్చుంది. నాలుగో పేజీలో అచ్చయమ్మ గారు చెయ్యెత్తారు. "అక్కడ కాదురా. మీ నాన్నగారు అక్కడ ఊపిరి తీసుకునేవారు కాదు. ఇంకో పదం దాకా వెళ్ళేవారు." కళ్ళు మూసుకుని, బోసినోటితో ఆ వరస అని చూపించారు. కామేశ్వరరావు గారు పెన్ను కోసం తడుముకున్నారు. ఆ ఒక్క పేజీలోనే ఆవిడ మూడు దిద్దుబాట్లు చేయించారు.

మర్నాడు ఆయన అంతర్వేది బస్సెక్కారు. రొయ్యల ప్రశంస తనకొచ్చిందంటే, తనది ఇంకెవరికో వెళ్ళే ఉంటుంది. సభలో పట్టాలు అందుకునేవాళ్ళదని అంతకుముందు వాళ్ళు పంపిన జాబితాలో వెతికితే అంతర్వేదిలో చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబు నడుపుకునే సత్యదుర్గారావు పేరు కనిపించింది. నలభై దాటిన మనిషి. తండ్రులు తాతలు సముద్రం మీద చేపలవేటకెళ్ళిన ఇంట్లో చదువుకుని పైకొచ్చినవాడు.

"మీరా అండీ ఆ పంతులుగారు! నాకేదో వేదం, మంత్రం అని వచ్చింది. పెద్దవాళ్ళు దీవించేరేమో అనుకున్నానండి" అన్నాడు. విషయం చెప్పాక కుర్చీలో కూలబడ్డాడు. గౌను డబ్బులు ఆ సాయంత్రమే పంపుదామనుకున్నాడట. "మా అమ్మకి చెప్పేసేనండి. కొత్త చీర కొనుక్కుంది."

"మా అమ్మకీ చెప్పానండి."

సత్యదుర్గారావు లేచి మాస్టారికి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తర్వాత "ఇంతకీ మీరు రాసింది దేని గురించండి?" అని అడిగాడు. మూడు నెలల్లో ఆ మాట అడిగిన మొదటి పరాయి మనిషి అతనే. ఊపిరి గురించని చెబితే, "మేం చూసేదీ అదేనండి. తెల్లారగట్ట రొయ్య పైకి తేలిందంటే నీళ్ళలో గాలి చాలడం లేదన్నమాట" అని చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళి చూపించాడు.

సోమవారం ఇద్దరూ కలిసి అమలాపురం వెళ్ళి పోలీసులకి రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చారు. జాబితాలో ఉన్న మిగతావాళ్ళలో దొరికినవాళ్ళకల్లా ఫోను చేశారు. కొందరు థాంక్స్ చెప్పారు, ఒకాయన తిట్టి పెట్టేశాడు. రెండు నెలలకి రెండో మొత్తంలో సగానికి పైగా మాస్టారి ఖాతాకి తిరిగొచ్చింది. మిగతాది రాలేదు.

కాలేజీలో ఆయన తన కథ తనే చెప్పారు, స్టాఫ్ రూములో, అందరి ముందూ. ఎవరూ నవ్వలేదు. సాయంత్రం లెక్కల లెక్చరరు జోజి ఆయన బయల్దేరేదాకా ఆగి, గేటు దాకా పక్కనే నడిచి, జేబులోంచి ఫోను తీశాడు.

"మాస్టారూ, నాకు ఉత్తమ అధ్యాపక అవార్డు అని ఒకటొచ్చిందండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఓసారి చూస్తారా?"

"ఇలా ఇయ్యి నాయనా" అని కామేశ్వరరావు గారు కళ్ళజోడు సర్దుకుని, గోడ నీడలోకి జరిగి, మొదటి పంక్తి నుంచీ చదవడం మొదలుపెట్టారు.