మాట్లాడుతూ నడవాలన్న షరతు

నా గుండె లయ తప్పి కొట్టుకుంటోందని తేలినప్పుడు డాక్టర్ ఒక షరతు పెట్టారు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతోనే నడవాలి. మాట తడబడితే ఆగిపోవాలి. అప్పటి నుంచి బెల్లంపల్లి గ్రౌండులో మా ఆవిడ సుజాత రోజూ నా పక్కన నడుస్తూ ఏదో ఒకటి మాట్లాడిస్తూనే ఉంటుంది. నాతో పాటు బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మల్లేశం మాత్రం మమ్మల్ని దాటుకుంటూ పరుగెడతాడు. నా వయసువాడే. వాడు దాటినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఈ రోజు పొద్దున ఇక ఉండబట్టలేక వాడి వెంట పరుగెత్తాను. గ్రౌండు మలుపు తిరగకముందే గుండె దడదడలాడింది, కళ్లు తిరిగాయి. వెంటనే ఆగి గట్టు మీద కూర్చున్నాను. మల్లేశం వెనక్కి వచ్చాడు.

"నీకెందుకురా గీ ఉరుకుడు?"

"నువ్వు ఉరుకుతుంటె నాకు కడుపు మండుతదిరా."

వాడు నా పక్కన కూర్చున్నాడు.

"నిన్ను జూస్తె నాకు మండుతది. నీతోని ముచ్చట వెట్టుకుంట నడిచెటందుకు మనిషున్నది. మా ఆమె పోయినంక నాతోని మాట్లాడెటోళ్లెవరున్నరు? అందుకే ఉరుకుతున్న."

వెనకాలే వచ్చి ఆ మాటలు విన్న సుజాత, "రేపటి సంది మాతోనే నడువు అన్నా" అంది.

సాయంత్రం సుజాత, మల్లేశం కలిసి నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. నేను చీవాట్లు తిన్నాక ముగ్గురం ఇంటికి నడిచి వచ్చాం. దారి పొడుగునా వాళ్లిద్దరూ ముచ్చట్లలో మునిగిపోయి నాకంటే ముందు నడిచారు. మరి షరతు ప్రకారం నేనెవరితో మాట్లాడుతూ నడవాలో మీరే చెప్పండి.