తవాగా పేరు

మా ఆయన పెనియమీనా బస్సు నడిపేవాడు. పోయినేడు మా సమోవా పల్లె పెద్దలు ఆయనకు తవాగా అనే పెద్దరికపు పేరు కట్టబెట్టారు. పూర్వం ఆ పేరుతోనే ఒకాయన చర్చి కట్టించాడు, ఇంకొకడు యుద్ధంలో పడవెక్కి పారిపోయాడు. మా ఊళ్ళో పేరు ఎవరు మోస్తే, ముందు దాన్ని మోసినవాళ్ళంతా వాడే; వాళ్ళు చేసిందంతా వాడు చేసినట్టే.

మొన్న ఆపిల్ తోటల పనికి న్యూజిలాండ్ వెళ్తానని మా ఆయన ఊరి పెద్దల సభలో చెప్పాడు.

"ఏరా తవాగా, మళ్ళీ పడవెక్కుతున్నావా?" అన్నాడు వాళ్ళ బాబాయి. సభంతా పగలబడి నవ్వింది.

"నేనెక్కడికీ పోను బాబాయ్," అన్నాడు ఈయన.

ఇంటికొచ్చాక నాకు ఒళ్ళు మండింది. "ఎప్పుడో చచ్చినవాడు పారిపోతే నీకేంటయ్యా?"

ఆయన తలెత్తలేదు.

"పడవెక్కిన ఆ రోజు నాకు భయమేసిందే," అన్నాడు.