రోడ్డెక్కిన చీరలు

నంద్యాల గాంధీ చౌక్‌లో బట్టల అంగడి నడిపే భాస్కరయ్య భార్య మహానందమ్మ. పుట్టిల్లు ఆళ్లగడ్డ. చీరల మీద ఫ్యాబ్రిక్ రంగులతో పూలు, నెమళ్లు వేయడం పెళ్లికి ముందు నుంచీ ఆమెకు అలవాటు. మనుషుల్ని మాత్రం ఎన్నడూ గీయలేదు.

రెండువేల పదమూడులో, రాష్ట్రాన్ని విడదీయొద్దంటూ సీమ అంతా రోడ్డెక్కింది. బస్సులు నిలిచిపోయాయి, అంగళ్ల షట్టర్లు దిగాయి. ఒకరోజు శ్రీనివాస సెంటర్‌లో ఆడవాళ్లు ఊరేగింపుగా వచ్చి రోడ్డు మీదే వంటావార్పు పెట్టారని విని మహానందమ్మ చూడడానికి వెళ్లింది. జనమంతా మైకు వైపు చూస్తుంటే ఆమె కళ్లు బట్టల మీదికి పోయాయి. గంజి పెట్టిన నేతచీర నలగకుండా తారురోడ్డు మీద ఒద్దికగా కూర్చున్న టీచరమ్మ. బురఖా చేతులు పైకి మడిచి చపాతీలు ఒత్తుతున్న అమ్మాయి. శిరివెళ్ల నుంచి ట్రాక్టరెక్కి వచ్చిన ఆడవాళ్లు, చేనికి పోయినట్టే చీర మీద మగవాళ్ల చొక్కాలతో.

ఇంటికి రాగానే తెల్ల పాప్లిన్ తానులోంచి ఒక ముక్క చించి గీయడం మొదలుపెట్టింది.

భాస్కరయ్య వచ్చి చూసి, "లీడర్లు యాడుండారే ఇందులో?" అన్నాడు.

"వాళ్ల బొమ్మలు గోడగోడకూ ఉండాయి గదా. ఈళ్లను ఎవురు గీస్తారు?"

బొమ్మ సంగతి వీధిలో పాకింది. నూనె అంగడి రాజరత్నమ్మ కోపంగా వచ్చింది.

"అందరూ చీరల్లో ఉంటే నన్నొక్కదాన్నే నైటీలో గీసినావేందక్కా? పట్టుచీర కట్టించు."

"నువ్వు నైటీలోనే వస్తివి గదా. ఎందుకట్ల వస్తివి?"

"పొయ్యి మీద పప్పు ఉడుకుతాండె. బయటినుంచి కేకేసినారు. చీర కట్టుకుంటా కూచుంటే ఊరేగింపు దాటిపోతాది. టవల్ కప్పుకొని ఉరికొస్తి. నైటీతో వీధి మలుపు దాటింది ఆ పొద్దేనక్కా." చెప్తూ చెప్తూ ఆమే నవ్వేసింది. "సరే, ఉండనీలే. ఆ టవల్ మాత్రం సరిగ్గా గీయి, జారిపోతాండాది."

మహానందమ్మకు అది కొత్తగా తోచింది. కట్టిన బట్ట వెనక ఇంత కథ ఉంటే, మిగతావాళ్ల సంగతేమిటి? ఆనాటి నుంచి కనపడిన ప్రతి ఆడమనిషినీ అడగసాగింది. ఆ టీచరమ్మ ప్రేమకుమారి ఇంటికీ వెళ్లింది.

"రోడ్డు మీద కూచునేదానికి గంజి చీర ఎందుకు మేడమ్?"

"పేపర్లో ఫొటో పడితేనో? నలిగిన చీరలో కనపడితే క్లాసులో పిల్లోళ్లు నగరా?" అంది ప్రేమకుమారి.

రాష్ట్రం విడిపోయింది. అంగళ్లు మామూలుగా తెరుచుకున్నాయి. భార్య ఇక మానేస్తుందనుకున్నాడు భాస్కరయ్య. ఆమె మానలేదు. విన్నదల్లా గీస్తూ పోయింది: రోడ్డు మీద కబడ్డీకి కొంగు బిగించినవాళ్లు, బస్సుల్లేక చెప్పులు చేతబట్టి నడిచినవాళ్లు. పోను పోను ఆయనే పక్కన కూర్చుని, "ఆ అంచు అంత వెడల్పు ఉండదే. ఆ రకం చీర నేనే అమ్మినా" అని దిద్దడం మొదలుపెట్టాడు.

నిరుడు ఆళ్లగడ్డలో ఒక కల్యాణమండపంలో ఆ గుడ్డలన్నీ వేలాడదీశారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వచ్చి తమను తాము వెతుక్కున్నారు. దీక్షిత అనే కాలేజీ అమ్మాయి అన్నీ చూసి వచ్చి అడిగింది.

"ఇందులో మీరు యాడుండారు అవ్వా?"

మహానందమ్మ వేలాడుతున్న గుడ్డల వైపు తిరిగి చూసింది. తనను తాను గీసుకోలేదు. ఆనాడు ఏం కట్టుకుందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

భాస్కరయ్యను అడిగితే, "నీలం చీర" అన్నాడు.

"కాదన్నా, పచ్చది" అంది రాజరత్నమ్మ. ఇద్దరూ వాదులాడుకున్నారు. మహానందమ్మకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాలేదు.

ఆనాడు తనతో వచ్చిన దొర్నిపాడు చెల్లెలు వంటావార్పును సెల్లులో వీడియో తీసినట్టు లీలగా జ్ఞాపకం; అందులో తానూ పడి ఉండొచ్చు. మరునాడు పొద్దున్నే, టిఫిన్ కూడా తినకుండా, మహానందమ్మ దొర్నిపాడు ఆటో ఎక్కింది.